వ్యాన్లో ఒక్క నిద్ర

2006 ఫిబ్రవరి 9

కర్నూలు డాక్టరు ఈ రోజూ అదే పాట పాడాడు. కొట్టు మానేయాలి, బస్తాలు ముట్టుకోకూడదు, కోపం తెచ్చుకోకూడదు, ఇంకోసారి గుండె పట్టేస్తే తన చేతుల్లో ఏమీ ఉండదు. ఈయన బుద్ధిగా తలూపి, బయటికి రాగానే, "సుచీ, ఆ డాక్టరుకే బీపీ ఉన్నట్టుండాది" అన్నాడు. నవ్వాను. డోన్ వచ్చేదాకా బస్సు కిటికీ వైపు తిరిగి ఏడ్చాను.

పిల్లలు లేరు. ఉన్నది ఈ వేణుగోపాల్ అనే మనిషి ఒక్కడు. ఈయన నాకు దక్కాలి. ఇంకేం పోయినా పోనీ.

ఫిబ్రవరి 27

ఎరువుల కొట్టు మరిదికి అప్పగించాం. ఈయన అరుగు మీద కూచుని పోయే లారీలు లెక్కపెడుతున్నాడు. మధ్యాహ్నానికి నూట పన్నెండు. ఇట్లా కూచోబెడితే గుండె కంటే ముందు మనసు పోతుంది.

మార్చి 12

ఎర్రగుంట్లలో ఒక చిన్న వ్యాను అమ్మకానికి ఉందని ఎవరో చెబితే వెళ్ళి చూశాం. తెల్ల మారుతీ వ్యాను. అమ్మే ఆయన పేరు తిమ్మయ్య, సిమెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడట. వెనక సీట్లు తీసేసి చెక్క మంచం బిగించాడు. మంచం పలక ఎత్తితే కింద బియ్యం డబ్బా, గిన్నెలు, చిన్న గ్యాసు స్టవ్వు. ఒక మూల కుళాయి ఉన్న నీళ్ళ క్యాను. కిటికీలకు తీగ మీద జరిగే పూల కర్టెన్లు. వెధవది, మా వంటింట్లో కూడా ఇంత పొందిక లేదు!

"ప్రతి బోల్టూ నా చేత్తో బిగించిందే తల్లీ. యాడ నిద్దరొస్తే ఆడ నిలుపుకోని పండుకోవచ్చు" అన్నాడు తిమ్మయ్య.

"ఇంత బాగా చేసుకోని ఎందుకు అమ్ముతాండారు?" అని అడిగాను.

"మా కృష్ణవేణి పోయిన యేడు పాయ. ఒక్కన్ని యాడికి పోదు?" అని అటు తిరిగి టైర్లు చూపించడం మొదలుపెట్టాడు.

ఈయన ఆ మంచం మీద పడుకుని లేవడు. "సుచీ, నేనింక దిగను" అంటాడు. ఆరు నెలల తర్వాత ఆ ముఖంలో వెలుగు చూశాను. కొనేశాం.

మార్చి 15

తిమ్మయ్యే స్వయంగా బండి నడుపుకుంటూ వచ్చాడు. కాగితాల మీద సంతకాలయ్యాయి. తాళం చెవి ఈయన చేతిలో పెట్టి, "ఇప్పుడు బండి మీదే గదప్పా?" అన్నాడు. ఈయన అవునన్నాడు. "పూర్తిగా మీదే?" అని మళ్ళీ అడిగాడు. పెద్దాయనకు దిగులుగా ఉందేమో అనుకున్నాను.

"అయితే ఒక్క మాట. మీ బండ్లో ఈ ఒక్క రాత్రి పండుకోని పోతా."

కాదని ఎట్లా అంటాం? జొన్నరొట్టె, వంకాయకూర పెట్టాను. కడుపునిండా తిన్నాడు. వయసులో పెద్ద, ఇంటికొచ్చాడు కదా అని ఈయన కొత్త పంచె చేతిలో పెట్టాడు. ఆ పంచె తీసుకునేటప్పుడు ముసలాయన కళ్ళనిండా నీళ్ళు.

మార్చి 16

తెల్లారి చూస్తే తిమ్మయ్య లేడు. పడుకున్న దుప్పటి మడిచి పెట్టి వెళ్ళిపోయాడు. కాఫీ పెట్టి పిలుద్దామని వెళ్ళిన దాన్ని వెర్రిదానిలా నిలబడ్డాను. ఒక మాట చెప్పి పోతే ఏం పోయేది?

ఇదే పక్కింటి రాజ్యలక్ష్మమ్మతో అన్నాను. ఆమె వత్తులు చేసుకుంటున్న చెయ్యి ఆపింది.

"అన్నం పెడితివా?"

"పెడితిని."

"బట్ట పెడితిరా?"

"పెద్దాయన గదా అని పంచె ఇచ్చినాం."

"పొద్దున చెప్పకుండా పాయనా?" అని, నేను తలూపగానే, "ఇంకేముండాది మే! ఆయప్ప పెండ్లాము పోయిన మనిషి. నీ కాడ నిద్ర చేసి పోయినాడు" అంది.

"నిద్ర చేసేది చుట్టాలిండ్లల్లో గదత్తా. మాకూ ఆయనకూ ఏం సంబంధం?"

"అదే నేననేది. సొంతోళ్ళు తెలిసి పిలుచుకపోతారు. తిని, కొత్తది కట్టుకోని, ఒక రాత్రి పండుకోని, తెల్లారి 'పోయొస్తా' అనకుండా లేచి పోతారు. పోయినోళ్ళతో ముడి ఆడికి తెగిపోతాది. ఈయప్ప తెంపుకోని యాడ వదిలిపెట్టినాడు? నీ వ్యాన్లో."

ముసలామెకు పనిలేదు. ఈయనకు ఈ మాటలేమీ చెప్పలేదు.

ఏప్రిల్ 2

యాగంటి! తెల్లవారుజామునే బయలుదేరి ఎండ ఎక్కకముందే చేరాం. కోనేట్లో మునిగి వచ్చి వ్యాన్లో చీర మార్చుకుంటుంటే ఈ మహానుభావుడు తలుపు బర్రున తీశాడు. కోతులు తప్ప ఎవరూ లేరు కాబట్టి పరువు దక్కింది. అప్పటినుంచి శిక్షగా తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి, "అమ్మగారు లోపలుండారా?" అని అడిగి మరీ తీస్తున్నాడు. రోజంతా ఇదే సరదా.

చెట్టు కింద ఆపి చిత్రాన్నం తిన్నాం. వ్యాన్లో పడుకుంటే రెండు వైపులా గాలి. పెళ్ళయిన కొత్తలో కూడా ఇంత తీరుబడిగా పక్కపక్కన పడుకుని మాట్లాడుకోలేదు.

ఏప్రిల్ 9

దుప్పటి దులుపుతుంటే తమలపాకు తొడిమలు రాలాయి. మూడు. మా ఇంట్లో ఎవరూ ఆకు వేయరు. తిమ్మయ్య కాలం నాటివి అయ్యుంటాయి.

ఏప్రిల్ 23

నాకు డ్రైవింగు నేర్పుతున్నాడు. స్టేషను వెనక మైదానంలో క్లచ్చు వదిలేసి మేకల మందలోకి తోలాను. మేకల కాపరి తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఈయన కడుపు పట్టుకుని నవ్వాడు. గుండె జబ్బు మనిషి అంత నవ్వొచ్చా అని నేను భయపడ్డాను.

తొడిమలు మళ్ళీ. ఈసారి పచ్చివి.

మే 14

రోజూ మధ్యాహ్నం ఈయన వ్యాన్లోనే పడుకుంటున్నాడు, ఇంటి ముందు వేపచెట్టు కింద. ఆరోగ్యం బాగుంది. ముఖం నిండుగా ఉంది. అది చాలు నాకు.

మే 15

వ్యాన్లోంచి వినిపించేది అడకత్తెర చప్పుడు కాదు. కర్టెన్ తీగ ఎండకు బిగుసుకుని టక్కుమంటుంది.

మే 16

తీగ తీసి లోపల పెట్టాను.

మే 17

మధ్యాహ్నం ఒంటిగంట. ఎండకు వీధిలో కుక్క కూడా లేదు. వ్యాను పక్కన నిలబడి విన్నాను. టక్. కాసేపాగి మళ్ళీ టక్. వక్క తెగిన చప్పుడు. మా అమ్మమ్మ రోజూ అట్లాగే కత్తిరించేది, నేను పొరబడను. తలుపు తీశాను. ఈయన కుడివైపు ఒదిగి పడుకుని ఉన్నాడు. ఎడమవైపు పరుపు ఒక మనిషి కూచున్నంత మేర పల్లంగా ఉంది. నేను చూస్తుండగానే మెల్లగా పైకి లేచి సమమైంది.

స్పాంజి పరుపు కదా, అట్లాగే ఉంటుంది.

జూన్ 11

ఈయన నన్ను "మే" అని పిలిచాడు. ఇరవై ఎనిమిదేళ్ళలో సుచీ తప్ప ఇంకో పిలుపు లేదు. "మే, గండికోటకు పోదామా?" అన్నాడు.

"మే ఏంది? నేను నీకు మేనా?" అన్నాను.

"అట్లంటినా?" అని తనే ఆశ్చర్యపోయాడు.

జూన్ 30

మళ్ళీ గండికోట మాటే. ఈ నెలలో అడగడం ఇది ఆరోసారి. ఎందుకా ఊరంటే చెప్పలేడు. "చూడల్ల అనిపిస్తాండాది" అంటాడు. నేను పోనివ్వను.

మధ్యాహ్నం వ్యాన్లోంచి ఈయన మాట వినిపించింది. "ఆ, ఇంకొంచెం జరుగుతాలే." ఎవరికోసం జరుగుతున్నాడు?

భయమేస్తోంది. ఇక్కడైనా రాసుకోనీ, శానా భయమేస్తోంది.

జులై 8

ఈయనకు కర్నూలు పోతున్నానని చెప్పి ఎర్రగుంట్ల బస్సెక్కాను. తిమ్మయ్య ఇంటి తలుపు తీశాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. ఒళ్ళు చేశాడు, కళ్ళ కింద నలుపు పోయింది. కడిగేద్దామనే పోయాను. నోరు తెరిచేలోపే ఆయన అడిగాడు.

"యెట్లుండాది మా యామె?"

నేను తేరుకునేలోపు మళ్ళీ తనే అడిగాడు.

"ఆకులు దొరుకుతాండాయా ఆమెకు? చెన్నూరు ఆకే తింటాది. వేరేదైతే ఉమ్మేస్తాది."

"సిగ్గులేదా నీకు?" అని అరిచాను. "అన్నం పెట్టి, బట్ట పెట్టి పంపిస్తే ఇదా నువ్వు చేసింది? మా ఆయన గుండె జబ్బు మనిషి!"

ముసలాయన గడప మీదే కూలబడ్డాడు. "తప్పే తల్లీ. గండికోట సూడల్లని ఆమె కోరిక. జమ్మలమడుగు దాటినాంక చెట్టు కింద నిలిపితిమి, అన్నం తిని పండుకునె, లేయల్యా. నా కొడుకు వచ్చి నిద్రకు పిలుచుకపాయ. ఏం లాభం? ఆమె పోయింది ఇంట్లో కాదు గదా. వ్యాన్లో పండుకుంటే పక్కనే టక్కు టక్కుమని వక్క కత్తిరిస్తాంటాది. యేడాది నిద్రల్యాకుండా అయితి. వ్యానే ఇంకొకరి ఇల్లయితే ఆడ నిద్ర చేసి పోవచ్చనుకుంటి."

"చేస్తివి గదా. సుఖంగా ఉండావు."

"నిద్రయితే పడ్తాండాది," అన్నాడు. "ఆ టక్కు టక్కు ల్యాక ఇల్లు బోసిపోయింది తల్లీ. తప్పు చేస్తినేమో అనిపిస్తాంది. ఆమెను ఊరికే వదిలిపెట్టి వచ్చినట్టుండాది."

తిట్టడానికి పోయినదాన్ని, మంచినీళ్ళు ముంచి ఆయనకే ఇచ్చి వచ్చాను. వస్తుంటే వెనకనుంచి, "ఆమె ఎవరికీ చెడు చేయదు. గండికోట ఒక్కటి సూపించండి" అన్నాడు.

జులై 9

వ్యాను అమ్మేద్దామన్నాను. ఈయన ముఖం పాలిపోయింది. "అరుగు మీద లారీలు లెక్కపెట్టేదానికా నేను బతికింది?" అన్నాడు.

అమ్మడం లేదు.

జులై 20

సంతలో చెన్నూరు ఆకు ఒక కట్ట, వక్కలు తెచ్చాను. వ్యాన్లో ఎడమవైపు పెట్టి, "ఇదిగో తల్లీ, తిను. మా ఆయన జోలికి మాత్రం రావొద్దు" అన్నాను. అన్నాక నాకే నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. సాయంత్రానికి ఆకుల్లో సగం లేవు. మేకలు తిని ఉంటాయి అని రాద్దామనుకున్నాను. తలుపు మూసే ఉంది.

సెప్టెంబరు 24

గండికోట. నేనే నడిపాను. వానలు పడి పెన్నలో నీళ్ళున్నాయి. ఎర్రటి బండల మధ్య అంత లోతున ఏరు. ఈయన అంచుకు కాస్త ఇవతల నిలబడి, "చూడు మే, చూడు" అన్నాడు. ఆ మాట నాతో కాదని తెలుసు. నా పక్కన ఆకు, సున్నం వాసన వచ్చింది. ముగ్గురం శానాసేపు నిలబడ్డాం.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా వ్యాన్లో చప్పుడు లేదు.

అక్టోబరు 29

నెల దాటింది. తొడిమలు లేవు, టక్కు లేదు. ఈయన నన్ను మళ్ళీ సుచీ అంటున్నాడు. చూసుకుని వెళ్ళిపోయింది, పాపం. ఈ వారం వ్యానేసుకుని ఓర్వకల్లు రాళ్ళ దగ్గరికి పోయాం. ఒక బండ కుక్కలా ఉందని ఈయన, కాదు ఆవులా ఉందని నేను, పొద్దుగూకే దాకా పోట్లాడుకున్నాం. ఎంత బాగుందో.

నవంబరు 20

రాయలేను.

డిసెంబరు 10

పోయిన నెల పంతొమ్మిదిన, ఆదివారం. వేపచెట్టు కింద వ్యాన్లో పడుకున్నాడు. వంటయ్యాక పిలుద్దామని బయటికి వచ్చాను. వీధి మధ్యలో ఉండగా వినిపించింది. టక్. రెండు నెలల తర్వాత.

పరిగెత్తాను. తలుపు తీశాను. నిద్రపోతున్నట్టే ఉన్నాడు. చెయ్యి ఎడమవైపుకి చాపి ఉంది, ఎవరో పట్టుకున్నట్టు. ఒళ్ళు ఇంకా వెచ్చగా ఉంది.

నాకు దక్కలేదు.

ఆమె తీసుకుపోయిందా, పోయేటప్పుడు తోడుందా? ఇరవై రోజులుగా ఇదే ఆలోచన. తోడుందనే అనుకుంటాను. ఒంటరిగా పోలేదు అనుకుంటాను.

డిసెంబరు 14

తమ్ముడు అజయ్ కర్నూలు తీసుకుపోయి నిద్ర చేయించాడు. పెట్టింది తిన్నాను, పెట్టిన చీర కట్టుకున్నాను, తెల్లారి చెప్పకుండా వచ్చాను. ఏం లాభం? ఈయన పోయింది ఇంట్లో కాదు గదా.

డిసెంబరు 29

వ్యాన్లో కూచుని ఉంటే మధ్యాహ్నం తలుపు మీద రెండు దెబ్బలు. తీశాను. ఎండ. ఎవరూ లేరు.

డిసెంబరు 30

రెండు దెబ్బలు.

2007 జనవరి 18

కుడివైపు ఈయన దగ్గు. ఎడమవైపు టక్కు టక్కు. మధ్యలో నేను. కన్ను మూయలేను, లేచి ఇంట్లోకి పోలేను. పోతే తలుపు కొడతాడు, తీసేవాళ్ళుండరు. అన్నం సహించడం లేదు. అజయ్ వచ్చి చూసి, "అక్కా, నువ్వు కూడా పోతావు. ఆ బండి అమ్మెయ్" అని చేతులు పట్టుకున్నాడు.

ఫిబ్రవరి 25

కోడుమూరు నుంచి గాబ్రియేలు అనే బడిపంతులు వ్యాను చూడడానికి వచ్చాడు. భార్యకు ఏడో నెల. ఆ పిల్ల మంచం మీద ఒత్తిగిలి, "ఈడ శానా చల్లగా ఉండాదండీ" అంది. ఎడమవైపు.

"మీరే తెచ్చి ఇయ్యండక్కా, నాకు డ్రైవింగు అంతంతే" అన్నాడు. సరేనన్నాను. ఆ తర్వాత నా నోరే అడిగింది. "ఒక్క రాత్రి మీ బండ్లో పండుకోని పోతా."

"దానికేం అక్కా, మాకట్లాటి పట్టింపుల్లేవు" అని నవ్వాడు. తిమ్మయ్య ఎట్లా నిలబడి అడిగాడో నేనూ అట్లాగే నిలబడ్డానని తర్వాత తెలిసింది.

మార్చి 4

నిన్న వ్యాను కోడుమూరు చేర్చాను. సంతకాలయ్యాయి. బండి వాళ్ళది. రాత్రి ఆ పిల్ల వేడివేడిగా అన్నం, పప్పు పెట్టింది. మొదటిసారి ఇంటికొచ్చారని నూలు చీర కూడా పెట్టింది. అన్నం అయింది, బట్ట అయింది. ఇక పడుకోవడమే మిగిలింది.

పడుకున్నాను. టక్. కాసేపటికి దగ్గు. ఎన్ని నెలల నిద్ర బాకీ, రెప్పలు వాటంతట అవే దిగుతున్నాయి. మూస్తే చాలు, తెల్లారి చెప్పకుండా లేచి పోతే చాలు. ఇద్దరూ ఇక్కడే ఉంటారు. నేను హాయిగా తిని తిరిగి ఒళ్ళు చేస్తాను, తిమ్మయ్యలాగా. ఆయనలాగే గడప మీద కూచుని ఎవరినో అడుగుతాను, యెట్లుండాడు మా ఆయన అని. ఆ కడుపుతో ఉన్న పిల్ల ముఖం చూసి అడుగుతాను.

ఛీ అనిపించింది. లేచి కూచున్నాను. క్యాన్లో నీళ్ళు కళ్ళకు కొట్టుకుంటూ, తొడ గిల్లుకుంటూ, తెల్లారేదాకా కూచున్నాను. ఒక్క కునుకు తీయలేదు.

వెలుగు రాగానే వాళ్ళ తలుపు తట్టాను. ఆ పిల్ల కళ్ళు నులుముకుంటూ వచ్చింది. "పోయొస్తానమ్మా" అన్నాను. వినలేదేమోనని ఇంకోసారి గట్టిగా, "పోయొస్తా!" అన్నాను. చీర ఆమె చేతిలోనే తిరిగి పెట్టాను. ఏమనుకుందో ఏమో.

వ్యాను తలుపు బార్లా తీశాను. "దిగండి, ఇంటికి పోదాం" అన్నాను. తర్వాత ఎడమవైపు చూసి, "నువ్వు కూడా దిగమ్మా. పరాయి ఇంట్లో ఎందుకు?" అన్నాను. పరుపు రెండు వైపులా మెల్లగా పైకి లేచింది.

డోన్ బస్సులో ముగ్గురు కూచునే సీట్లో కూచుని మూడు టిక్కెట్లు అడిగాను. కండక్టరు అటూ ఇటూ చూశాడు.

"ఇంకిద్దరు యాడమ్మా?"

"ఎక్కినారులే, నువ్వియ్యి" అన్నాను.

మార్చి 5

ఆకులు తెచ్చాను. రాత్రి పక్క వేసుకుంటుంటే వీధి తలుపు మీద రెండు దెబ్బలు. "తీసే ఉండాది, రాండి" అన్నాను. శానా రోజులకు బాగా నిద్ర పట్టింది.